గంటన్నర నల్లతెర

స్విచ్ వేసి నేను కుర్చీలో సర్దుకున్నానో లేదో, నా భుజం మీదుగా ఒక చెయ్యి దూసుకొచ్చి కీబోర్డు మీది పొడుగాటి మీటను టపీమని నొక్కేసింది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్?" అని గసిరాను.

ఆ చెయ్యి షారోన్‌ది. రేవుపల్లి మిషన్ చర్చిలో పాటలు పాడే అమ్మాయి, తప్పిపోయిన మహిమకు చిన్ననాటి దోస్తు. నా అరుపుకు బెదిరి గోడకు ఆనుకుంది.

"ఏం జెయ్యలే సార్. గా తెర ఎప్పుడు గట్లనే వస్తది. డిస్క్ చెక్ అని పడి ఎనిమిది సెకండ్లు లెక్కవెడ్తది. గంతల ఏదో ఒక మీట నొక్కాలె. లేకపోతే గంటన్నర తింటది. మధ్యల ఆగమన్నా ఆగదు. గందుకే అందరం నొక్కుతం."

"అందరంటే ఎవరెవరు?"

"మహిమ, నేను, పాస్టరయ్యగారి కొడుకు. గీ కంప్యూటర్ ముట్టెటోళ్లందరు."

"ఒక్కసారన్న నొక్కకుండ ఊకున్నరా?"

"రెండేండ్ల సంది ఒక్కసారి సుత లేదు సార్."

నేను మళ్లీ తెర వైపు తిరిగాను. కరీంనగర్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు నేను కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి. నడుస్తున్న కంప్యూటర్‌కు కరెంటు పీకేస్తే, మళ్లీ వెలిగించినప్పుడు అది తన డిస్క్‌ను తానే తడుముకుని చూసుకుంటుంది. కిందపడ్డవాడు లేచి కాళ్లూ చేతులూ చూసుకున్నట్టు. అందులో వింత లేదు. కానీ ప్రతిసారీ ఎందుకు చూసుకోవాలి?

"జేమ్స్ తాత పుణ్యం సార్," అంది షారోన్. "ఆరాధన అయిపోంగనే కరెంటు మెయిన్ బంద్ జేస్తడు. జర మొగులైనా బంద్ జేస్తడు. పిడుగు పడి చర్చి కాలుతదని భయం ఆయనకు. కంప్యూటర్ నడుస్తున్నదా లేదా ఏం సూడడు. మస్తుసార్లు చెప్పినం, ఇనడు."

జేమ్స్ ఆ చర్చి వాచ్‌మన్. గంట కొట్టేదీ, తలుపులు తీసేదీ, వేసేదీ ఆయనే. మహిమ చచ్చిపోయిందని పోలీసులు నమ్మడానికి కారణం కూడా ఆయనే.

శనివారం సాయంత్రం నుంచి మహిమ కనబడలేదు. ఆదివారం పొద్దున గోదావరి రేవులో ఆమె చెప్పులు దొరికాయి. చెప్పుల కింద ప్రింటు తీసిన కాగితం. 'అవ్వా, నన్ను క్షమించు. నాకు బతకాలని లేదు. నా కోసం వెతకొద్దు.' అంతే. సంతకం కూడా లేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మమతారాణి పడవలు తిప్పించింది. వానాకాలం గోదావరి, శవం దొరకలేదు. చర్చి కంప్యూటర్‌లో మాత్రం అదే ఉత్తరం దొరికింది. శనివారం అయిదుంబావు వేళ మహిమ ఏడుస్తూ టైపు చేస్తుంటే కిటికీలోంచి చూశానని జేమ్స్ సాక్ష్యం చెప్పాడు. ఇంకేం, ఆత్మహత్య అని తేల్చేశారు.

ఈ రోజు మంగళవారం. నాలుగింటికి ఇదే చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన. అది కాగానే పడవలు వెనక్కి పోతాయి, కేసు మూతపడుతుంది. ఆ తర్వాత మహిమ కోసం వెతికేవాళ్లు ఎవరూ ఉండరు. తల్లి ఒక్కతే ఉంటుంది.

ఆ తల్లి సత్తవ్వ. నిన్న బస్సెక్కి కరీంనగర్ వచ్చి నా ఆఫీసు గుమ్మంలో కూలబడింది. "నా బిడ్డ సావలే సారూ. గొర్లు కాసే అంతయ్యను ఇసుక దందా జేసే చింటూగాని ట్రాక్టర్ తొక్కి సంపింది. నా బిడ్డ కండ్లార సూసింది. ఫోన్ల వీడియో పట్టింది. కోర్టుల చెప్త అన్నది. చెప్త అన్న పిల్ల ఎందుకు సస్తది సారూ?" అంది.  మమతారాణినీ అదే అడిగిందట. వీడియో ఏదీ, ఫోనేదీ అని ఆమె ఎదురడిగి ఊరుకుంది.

ఇప్పుడు చర్చి పక్కగదిలో నేను కూర్చున్నాను. అవతల హాల్లో జనం చేరుతున్నారు. సత్తవ్వ గొంతు ఇక్కడికే వినబడుతోంది. "ఎవనిదిరా గా దండ? బతికున్న పిల్ల ఫోటోకు దండేస్తరా? తియ్యున్రి! తియ్యకుంటే నేను తీస్త!" ఎవరో సముదాయిస్తున్నారు.  గంటా గంటన్నర టైముంది నాకు. చేతిలో ఏముంది? ఒక పాత కంప్యూటర్, దాని రోగం. అంతే.

సరే, ఆ రోగమే చూద్దాం అనుకున్నాను.

డిస్క్ చెక్ ఫలితం తెర మీద ఒక్క క్షణం కనబడి మాయమైపోతుంది. దాంతో అది పోయిందనుకుంటారు చాలామంది. పోదు. కంప్యూటర్ తనకు జరిగినవన్నీ ఒకచోట దాచుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ అంటారు దాన్ని. తెరిచి, డిస్క్ చెక్ ఫలితాలు మాత్రమే చూపించమన్నాను. రెండేళ్లుగా ఎవరూ మీట నొక్కకుండా ఉండలేదని షారోన్ చెప్పింది కదా, లోపల ఏమీ ఉండకూడదు.

ఒకటుంది.

శనివారం.

 దాన్ని తెరిచాను. ఫైళ్లు చూశాను, వాటి పేర్లు చూశాను, తప్పులు దొరికాయి, సరిచేశాను అంటూ కంప్యూటర్ తన బాణీలో పొడుగ్గా రాసుకుంది. దాని పక్కనే టైము. స్విచ్ వేసింది నాలుగూ యాభై రెండుకు. తడుముకోవడం ముగించింది ఆరూ ఇరవై నాలుగుకు. మధ్యలో గంటన్నర తెర నల్లగా ఉంది. ఆ నల్లతెర మీద పాట పెట్టలేరు, బొమ్మ చూడలేరు, ఒక్క అక్షరం కొట్టలేరు.

"షారోన్, ఇటు చూడు. శనివారం ఎవరో మీట నొక్కలేదు."

ఆమె వంగి చూసింది. "మహిమైతే కాదు సార్! అది కండ్లు మూసుకొని సుత నొక్కుతది."

"అదే నేనంటున్నది."

తర్వాత ఉత్తరం ఫైలు మీద మౌస్ కుడివైపు మీట నొక్కి దాని జాతకం చూశాను. ప్రతి ఫైలుకూ రెండు టైములుంటాయి. ఒకటి దాన్ని చివరిసారి రాసిన టైము. అది అయిదూ ఇరవై. మమతారాణి మనుషులు చూసింది అదొక్కటే. రెండోది ఈ కంప్యూటర్‌లోకి అది వచ్చిన టైము. ఆరూ ముప్పై ఒకటి. పుట్టకముందే రాసిన ఉత్తరం! ఇంకెక్కడో కొట్టి, నల్లతెర తొలగినాక పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇందులో పడేశారు. దొంగ వెధవలు. గంటన్నర ఇక్కడే కూర్చుని గోళ్లు కొరుక్కుని ఉంటారు.

"జేమ్స్ తాతను పిలువు," అన్నాను.

జేమ్స్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. నా ముఖం చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాడు.

"కూసో తాతా. శనివారం మహిమను యాడ సూసినవ్?"

"గీ గదిలనే సార్. గా కిటికిల కెల్లి సూసిన."

"ఏం జేస్తుండె?"

"టైపు కొడ్తుండె. ఏడుస్తుండె."

"తెర మీద ఏం కనవడ్డది?"

 "తెల్లగ... కాయిదం లెక్క. అచ్చరాలు వస్తుండె."

"ఎన్నింటికి లేచి పోయింది?"

"అయిదున్నరకు."

"ప్రింటు తీసుకొనే పోయిందా?"

"ఆ, చేతుల కాయిదం ఉండె."

నేను కుర్చీ ఆయన ముందుకు జరుపుకున్నాను. "తాతా, అయిదున్నరకు గీ తెర నల్లగున్నది. గీడ కాయిదం లేదు, అచ్చరాలు లెవ్వు. ప్రింటు ఎట్ల వచ్చింది?"

జేమ్స్ కిటికీ వైపు చూశాడు.

"మెయిన్ బంద్ జేసి కంప్యూటర్‌కు రోగం తెచ్చింది నువ్వే. ఆ రోగమే నిన్ను పట్టిచ్చింది. ఎవరిని రానిచ్చినవ్ లోపలికి?"

"నాకేం తెల్వదు సార్. నా కండ్లు మంచిగ కానరావు."

"కండ్లు కానరానోనికి బయటి నుంచి అచ్చరాలెట్ల కనవడ్డయి?"

జేమ్స్ గభాలున కిందికి వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాళ్లందరూ చివరికి చేసేది ఇదే.

"నీ కాళ్లు మొక్కుత సార్. ప్రార్థన అయిపోనియ్. గీ ఒక్క పూట ఊకో. రేపు పొద్దుగాల వస్త, అన్ని చెప్త. ఏ స్టేషన్ అంటే గా స్టేషన్‌కు వస్త."

"ప్రార్థన అయినంక చెప్తవా? కేసు మూసినంక? నన్నేమనుకున్నవ్? లే!"

"సార్, జర నా మాట ఇను. జర మెల్లగ మాట్లాడు..."

"ఏందీ పంచాయితి?" అన్న గొంతు గుమ్మం దగ్గర వినిపించింది.

మమతారాణి. వెనకాల హెడ్ కానిస్టేబుల్ కొమురెల్లి. నిరుడు కాగజ్‌నగర్‌లో ఆమె మూసేసిన కేసు ఒకటి నేను తెరిపించాను. అప్పటినుంచి నన్ను చూస్తే ఆమెకు నోరు చేదెక్కుతుంది. నాకూ అంతే, అబద్ధమెందుకు.

"తిరుమల గారూ, ఎవర్ని అడిగి కూసున్నరు గా కుర్చీల?"

"తాళం లేదు, సీలు లేదు మేడం. దొడ్డిగుమ్మం లెక్క తెరిచిపెట్టిన్రు."

"నిరుడు గెలిచిన్రు గద. గీసారి శవం లేకుండనే గెలుద్దామని వచ్చిన్రా? ముసలాయన్ను కాళ్ల మీద పడేసుకున్నరు, సిగ్గనిపిస్తలేదా?"

"ఈ ముసలాయన మీకు చెప్పింది అబద్ధం. రండి, చూడండి."

ఆమె రాలేదు. గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది. నేను చెప్పాను. శనివారం డిస్క్ చెక్ నడిచిందని, రెండేళ్లలో అదొక్కటే అని, ఇక్కడివాళ్లెవరూ దాన్ని నడవనివ్వరని.

"గంతేనా?" అంది మమతారాణి. "సావుకు తయారైన పిల్లకు మీట నొక్కాలని యాదికుంటదా? మరిచిపోయింది. నడిచింది. అయితేంది?"

కొమురెల్లి కిసుక్కున నవ్వాడు. "కంప్యూటర్ సాక్షం చెప్తదంట మేడం. బైబిల్ మీద ఒట్టు వెట్టిద్దామా?"

ఆ నవ్వుతో నాకు నెత్తురు నెత్తికెక్కింది. "సరే, మరిచిపోయిందనుకుందాం! నాలుగూ యాభై రెండుకు మరిచిపోయింది. ఆరూ ఇరవై నాలుగు దాకా కంప్యూటర్ ఎవరికీ లొంగదు. మరి అయిదూ ఇరవైకి ఉత్తరం దేని మీద కొట్టింది మేడం? గోడ మీదనా? అయిదున్నరకు రేవుకు పోయిన పిల్ల ఆరూ ముప్పై ఒకటికి వచ్చి ఫైలు ఇందులో పెట్టి పోయిందా? నీళ్లలోంచి లేచి వచ్చిందా?"

మమతారాణి చేతులు విప్పుకుంది. రెండంగల్లో కంప్యూటర్ దగ్గరికి వచ్చి వంగింది. నేను వేలు పెట్టి చూపించాను. ఆ టైము, ఈ టైము. ఆమె పెదవులు కదుపుతూ చదువుకుంది. మళ్లీ చదివింది. ముఖంలో రంగు మారింది. ఆమె నాకు విరోధే కానీ లంచాల మనిషి కాదు, మొండి మనిషి. మొండివాళ్లు ఒప్పుకోవడానికి టైము పడుతుంది.

"ఎక్స్‌పర్ట్ చూడాలె," అంది చివరికి, గొంతు తగ్గించి. "సాయంత్రం దాకా బయట అనొద్దు. నేను డిస్క్ పంపిస్త."

"సాయంత్రం దాకా? అవతల ఆ తల్లి ముందర బిడ్డ ఫోటోకు దండేస్తున్నరు!"

"తిరుమల గారూ, జర ఊకోండి..."

నేను ఊరుకోలేదు. ఊరుకునే మనిషినైతే ఈ పనిలోకి వచ్చేవాణ్ణే కాదు. జేమ్స్ నా చొక్కా అంచు పట్టుకుంటే విదిలించుకుని హాల్లోకి నడిచాను. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పాస్టరు పుస్తకం తెరిచి నిలబడ్డాడు. మహిమ ఫోటోను గుండెకు అదుముకుని సత్తవ్వ నేల మీద కూర్చుంది. దండ తెగి పూలు ఆమె ఒళ్లో పడి ఉన్నాయి.

మరమగ్గాల రొదలో పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా ఇళ్లలో గుసగుస అనేది లేదు, అరిస్తేనే పక్కవాడికి వినబడుతుంది. నాకు మైకు అక్కర్లేదు.

"ప్రార్థన ఆపండి!" అన్నాను. "మహిమ ఆ ఉత్తరం రాయలేదు! రేవులో దూకలేదు! ఆమె రాసిందన్న టైముకు ఈ కంప్యూటర్ పనే చెయ్యలేదు. ఉత్తరం బయట రాసి తెచ్చి పెట్టిన్రు. పిల్లను ఎత్తుకపోయిన్రు. ఎవరికి అవసరమో మీ అందరికి తెలుసు. అంతయ్యను తొక్కిన ట్రాక్టర్ ఎవరిదో మీ అందరికి తెలుసు!"

 చర్చి అంతా గోల. ఆడవాళ్లు ఏడుస్తున్నారు, మగవాళ్లు బెంచీల మీదికెక్కి చింటూ పేరు పెట్టి తిడుతున్నారు. మమతారాణి నా వైపు చూసిన చూపులో కోపం ఉంది. అయినా ఇక దాచేదేముంది? ఫోన్ తీసి అక్కడే నిలబడి చెప్పింది. "చింటూగాని ఇంటికి ఒక జీపు, ఇసుక డంపు కాడికి ఒక జీపు పంపున్రి. ఆత్మహత్య కాదు, కిడ్నాప్. ఇప్పటికిప్పుడు!"

నా గుండె ఉప్పొంగింది. దాచుకోను, చాలా గర్వపడ్డాను.

అప్పుడు చూశాను. చివరి బెంచీలో ఎర్ర తుండు మెడకు చుట్టుకున్న మనిషి ఒకడు లేచాడు. అందరూ ముందుకు తోసుకొస్తుంటే వాడు ఒక్కడే వెనక్కి నడుస్తున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని గుమ్మం దాటాడు.

"ఎవడు వాడు?" అని అడిగాను పక్కనున్న షారోన్‌ను.

"చింటూ డ్రైవర్ సార్. పొద్దటి సంది గీడనే కూసున్నడు. ప్రార్థనకు వచ్చిండనుకున్నం."

వెనక నుంచి ఎవరో నా చెయ్యి గుంజారు. జేమ్స్. ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఎంత పని జేసినవ్ సార్. ఎంత పని జేసినవ్!"

"నువ్వు చేసిన పని కంటేనా?"

"పిల్ల బతికే ఉన్నది సార్. చింటూ కాడ ఉన్నది. యాడ వెట్టిండో నాకు చెప్పలే. శనివారం నాతోని తలుపు తీపిచ్చి లోపలికొచ్చిండు. మహిమ గా కంప్యూటర్ల ఎక్కిచ్చిన వీడియో తీసెయ్యాలె అన్నడు. కంప్యూటర్ నల్లగై కూసున్నది. బూతులు తిట్టుకుంట ఎంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ల ఉత్తరం కొట్టిండు. నేను గప్పుడే వాని కాళ్ల మీద పడ్డ. పిల్లను సంపకు అన్న. ఒట్టు వెట్టిండు సార్. అందరు సచ్చిపోయిందని నమ్మి, ప్రార్థన జేసి, పోలీసులు కేసు మూసిన్రంటే, పొద్దుగూకంగ ఏరు దాటిచ్చి మహారాష్ట్రల ఇడిచిపెడ్త అన్నడు. మూయకుంటే..."

"మూయకుంటే?"

"ఉత్తరంల ఉన్నది నిజం జేస్త అన్నడు."

 "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా?" అన్నాడు జేమ్స్. "గీ ఒక్క పూట ఊకోమని నీ కాళ్లు మొక్కలేనా? మెల్లగ మాట్లాడుమన్న. వాని మనిషి బయటనే కూసున్నడు, నేనెట్ల చెప్పుదు? నేను ఎత్తుకొని పెంచిన పిల్ల సార్ అది. దాని పానం కోసం దేవుని ఇంట్ల అబద్ధం చెప్పిన."

చింటూ ఒట్టు నిలబెట్టుకునేవాడో కాదో నాకు తెలియదు. పొద్దుగూకేదాకా మాత్రం ఆమెను చంపాల్సిన అవసరం వాడికి లేకుండింది. ఆ అవసరం నేను కల్పించాను. ఇప్పుడే, ఊరందరి ముందు.

మమతారాణి ఈ మాటలు విన్నది.   "జీపులు ఆపున్రి! సైరన్లు బంద్ జేయున్రి!" అని ఫోన్లో అరుస్తూ బయటికి పరుగెత్తింది. కొమురెల్లి ఆమె వెనక పరుగెత్తాడు.

నేనూ పరుగు తీయబోయాను. సత్తవ్వ అడ్డం వచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. మూడు రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు వచ్చింది. జేమ్స్ చెప్పిందేదీ ఆ గోలలో ఆమె వినలేదు.

"నా బిడ్డను బతికిచ్చినవ్ కొడుకా! సావలేదని అందరికి ఇనవడేటట్టు చెప్పినవ్. నువ్వు సల్లగుండాలె!"

"అవ్వా, ఇడువు... నేను పోవాలె, ఇడువవ్వా," అన్నాను. ఆమె విడవలేదు. బయట మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి ఎర్ర తుండు కనబడింది. బండి ఊళ్లోకి పోలేదు, రేవు వైపు తిరిగింది.